తెరమీది అజ్ఞాతవాసము



1962వ సంవత్సరమున విడుదలయి, నేటికిని తెలుగువారి ఇండ్లలో తలచుకొనబడుచున్న 'గుండమ్మ కథ' చిత్రమును మీలో పెక్కుమంది చూచియే యుందురు. ఒక ధనికుని పెద్దకుమారుడు, పొట్టిలాగు తొడుగుకొని, అంజి యని పేరు చెప్పుకొని, గయ్యాళియని ఊరంతయు చెప్పుకొను గుండమ్మగారి ఇంట పనివాడుగా చేరును. రుబ్బురోలు ముందు కూర్చుండి పిండి రుబ్బును. మాటపడును. నవ్వుచు తలవంచుకొని పోవును. ఆ ఇంటివారికి అతడు పనివాడు. మనకు మాత్రము అతడెవరో తెలియును.

మరుసటి సంవత్సరము, అనగా 1963లో, 'నర్తనశాల' వచ్చినది. గాండీవము పట్టిన చేతులతో తాళము పట్టి, బృహన్నల యను పేరుతో విరటుని కొలువు చేరి, అర్జునుడు రాకుమారి ఉత్తరకు నాట్యము నేర్పును. ఆ కొలువువారికి అతడు ఆటపాటలు నేర్పు బృహన్నల. మనకు మాత్రము అతడెవరో తెలియును.

ఈ రెండు చిత్రములకును దర్శకులు కమలాకర కామేశ్వరరావుగారే. అంజియు, బృహన్నలయు నందమూరి తారకరామారావుగారే. గుండమ్మగారింట సవతి కూతురై, పనిమనిషివలె బ్రదికిన లక్ష్మియు, విరటుని అంతఃపురమున సైరంధ్రియై కన్నీరు మ్రింగిన ద్రౌపదియు సావిత్రిగారే. ఒకటి సాంఘికము, మరొకటి పౌరాణికము. 'గుండమ్మ కథ'కు మూలము ఒక కన్నడ చిత్రము. విరాటపర్వమును ఎదుట నుంచుకొని దానిని తెలుగున వ్రాసికొనిరని నేననను. అయినను, ఆ రెండు కథలును ఒకే త్రోవను నడచినవి. ఘనుడైన వాడొకడు తన ఘనతను దాచుకొని, చిన్నపని చేయుచు, తన్నెరుగనివారి నడుమ కొంతకాలము బ్రదుకుట; పిమ్మట, వేళ వచ్చినప్పుడు, తానెవరో తెలియబడుట. ఈ పూట మీతో ముచ్చటింపదలచినది ఈ త్రోవను గూర్చియే. తెలుగు వెండితెరమీద కథానాయకుని ప్రయాణము తరచుగా అజ్ఞాతవాసపు ప్రయాణమే యని నా అభిప్రాయము.

కథానాయకుని ప్రయాణమనగానే, ప్రపంచమంతటను సినిమాలు వ్రాయువారు ముందుగా స్మరించునది జోసెఫ్ క్యాంప్‌బెల్ అను అమెరికా పండితుని పేరు. ఆయన 1949లో 'ది హీరో విత్ ఎ థౌజండ్ ఫేసెస్' అను గ్రంథమును ప్రకటించెను. ఆయన మన పురాణములను గూడ ఆదరముతో చదివినవాడు. భారతీయ కళలను గూర్చియు, తత్త్వమును గూర్చియు హైన్‌రిఖ్ జిమ్మర్ అను జర్మను పండితుడు వ్రాసి, పూర్తిచేయకయే కన్నుమూయగా, ఆ వ్రాతలను పరిష్కరించి లోకమునకందించినవాడు ఆయనయే. నానా దేశముల పురాణకథలను ప్రక్కప్రక్కన నుంచి చూచి, వాని యడుగున ఒకే కథ కలదని క్యాంప్‌బెల్ ప్రతిపాదించెను. సామాన్యుడొకడు తన ఇల్లు విడచును. ఒక పెద్ద అతనికి త్రోవ చూపును. అతడు తెలియని లోకమున అడుగిడి, పరీక్షలకు లోనై, మృత్యుముఖము వరకును పోయి, ఒక వరమును చేజిక్కించుకొని తిరిగివచ్చును. వెడలుట, పరీక్ష, మరలుట: ఈ మూడే ఆ ప్రయాణమునకు మజిలీలు.

1977లో జార్జి లూకాస్ తీసిన 'స్టార్ వార్స్' ఈ మార్గమునకు పెద్ద నిదర్శనము. ఎడారివంటి ఒక గ్రహముమీద, పినతల్లి పినతండ్రులవంటి పెంపుడువారి నీడన పొలము పనులు చేసికొను ల్యూక్ అను కుర్రవాడు, వృద్ధుడైన యొక యోధుని వెంట నక్షత్రలోకములకు పయనమై వీరుడగును. తాను క్యాంప్‌బెల్‌కు ఋణపడియుంటినని లూకాస్ స్వయముగా చెప్పెను. తరువాత కొన్నాళ్ళకు, క్రిస్టఫర్ వోగ్లర్ అను నతడు డిస్నీ సంస్థలో పనిచేయుచు, ఆ పెద్ద గ్రంథమును కొద్ది పుటలలో సంగ్రహించి రచయితల చేతికిచ్చెను. అంతటినుండి అది హాలీవుడ్ రచయితలకు బాలశిక్ష యయ్యెను.

ఆ మార్గము మనకు క్రొత్త కాదు సుమా. క్యాంప్‌బెల్ గ్రంథము వెలువడిన రెండేండ్లకే, 1951లో, కె.వి. రెడ్డిగారి 'పాతాళభైరవి' వచ్చినది. తోటమాలి కొడుకు తోట రాముడు రాకుమారిని ప్రేమించును. రాజు ధనము తెమ్మనును. నేపాళ మాంత్రికుడు త్రోవ చూపుదునని పిలిచికొనిపోవును. గుహలో మృత్యువు పొంచియుండును. దానిని గెలిచి, వరమిచ్చు ప్రతిమను చేతబట్టుకొని రాముడు తిరిగివచ్చును. వెడలుట, పరీక్ష, మరలుట, మూడును అందున్నవి. ఆ చిత్ర రచయిత పింగళి నాగేంద్రరావుగారికి దీనిని అమెరికానుండి ఎవ్వరును పంపలేదు; అవ్వలు చెప్పిన కథలలోను, కాశీమజిలీ కథలలోను అది మనకు ఏనాడో కలదు. త్రోవ చూపువాడే ప్రాణము తీయదలచిన పగవాడగుట అందలి విశేషము. ఎస్.వి. రంగారావుగారి ఆ మాంత్రికుని ఎన్ని తరములయినను తెలుగువారు మరువలేరు.

అయినను, శ్రోతలారా, తోట రాముని త్రోవ వేరు, అంజి త్రోవ వేరు. ఈ భేదమును ఒకింత నిదానముగా చూడవలసియున్నది.

ల్యూక్ చిన్నవాడుగా బయలుదేరి పెద్దవాడగును. తోట రాముడును అంతే. ల్యూక్‌కు తానెవరి కుమారుడో తెలియదు. చూచుచున్న ప్రేక్షకునకును తెలియదు. 1980లో రెండవ చిత్రము వచ్చి, శత్రువే తండ్రియని చెప్పినప్పుడు, తెరమీది వానితోపాటు తెరముందరివారును నివ్వెరపోయిరి. అజ్ఞాతవాసము అట్టిది కాదు. ఇచ్చట నాయకుడు మొదటనే పెద్దవాడు. తానెవరో తానెరుగును. మనమును ఎరుగుదుము. ఎరుగనివారు కథలోని తక్కినవారు మాత్రమే. అచ్చట ప్రయాణమనగా ఎదుగుట. ఇచ్చట ప్రయాణమనగా ఒదిగియుండుట, ఆపైన వెల్లడియగుట. అచ్చట ప్రేక్షకుని ఆనందము ఆశ్చర్యమున నున్నది. ఇచ్చట ప్రేక్షకుని ఆనందము నిరీక్షణమున నున్నది. మనకు తెలియును, వారికి తెలియదు. ఎప్పుడు తెలియునో యని గుండె పట్టుకొని కూర్చుందుము.

దీనికి మూలము మహాభారతమున విరాటపర్వము. కథ మీరెరిగినదే, అయినను ఒక్కమారు తలచుకొందము. పండ్రెండేండ్ల అరణ్యవాసము ముగిసినది. ఒక యేడు ఎవరికిని తెలియకుండ గడుపవలెను. తెలిసిన మరల పండ్రెండేండ్లు అడవియే గతి. పాండవులు తమ ఆయుధములను మూటగట్టి, ఊరి వెలుపలి జమ్మిచెట్టుమీద దాచిరి. చక్రవర్తియైన ధర్మరాజు కంకుడను పేరుతో విరటుని జూదపు సహచరుడయ్యెను. భీముడు వలలుడై వంటశాల చేరెను. నకులుడు గుఱ్ఱములను, సహదేవుడు ఆవులను కాచిరి. ఊర్వశి యిచ్చిన శాపమునే ఆసరా చేసికొని అర్జునుడు బృహన్నల యయ్యెను. రాజసూయమున అభిషిక్తమైన శిరోజములు గల ద్రౌపది, ఇంకొక రాణికి జడలల్లుటకు కుదిరెను. ఎంతటివారు, ఎంతటి పనులు!

పిమ్మట ఉత్తర గోగ్రహణము. కౌరవసేన వచ్చి ఆవులను తోలుకొని పోవుచుండగా, విరటుని కొడుకు ఉత్తరుడు అంతఃపుర స్త్రీల యెదుట ప్రగల్భములు పలికెను. ఉత్తరకుమార ప్రగల్భములని నేటికిని అనుకొందుము గదా. తీరా ఆ సేనాసముద్రము కంటబడగానే రథము దిగి పరుగెత్తెను. సారథియై వచ్చిన బృహన్నల వెంటాడి, పట్టుకొని, జమ్మిచెట్టు కడకు తెచ్చి, పైకెక్కి ఆ మూట దింపుమనెను. మూట విప్పగనే విండ్లు తళతళలాడినవి. ఇవి ఎవరివని ఉత్తరుడడిగెను. ఆ విండ్లు గలవారు ఎచ్చటనున్నారని అడిగెను. నేనే అర్జునుడనని బృహన్నల చెప్పగా, నమ్మలేక, అర్జునుని పది పేర్లును వాని కారణములును చెప్పుమనెను. ఒక్కొక్క పేరునకు ఒక్కొక్క కారణము చెప్పుచు, అర్జునుడు తన్ను తాను వెల్లడించుకొనెను. ఉరుము ఉరిమినప్పుడు మన పల్లెలలో పిల్లలచేత ఆ పేర్లే పలికింతురు. విజయదశమినాడు మనము పూజించునది ఆ జమ్మినే. తెలంగాణమున ఆ ఆకును బంగారమని ఒకరి చేతిలో ఒకరు పెట్టి, పెద్దల పాదములకు మ్రొక్కుదురు.

ఈ ఘట్టమును చెవిలో నుంచుకొని, మన సినిమాలను తలచుకొనుడు. ఉత్తరుడు అడిగిన ప్రశ్నను ఎన్నిమారులు వినియుంటిమి! ఎవరు నీవు, అని తెరమీద ఎవరో ఒకరు, తరచుగా పిరికివాడొకడు, గద్గదస్వరముతో అడుగును. అంతట ఫ్లాష్‌బ్యాక్ ఆరంభమగును. ఆ ఫ్లాష్‌బ్యాక్ అర్జునుని పది పేర్ల కథనమే. 1999లో 'సమరసింహారెడ్డి', 2002లో 'ఇంద్ర', 2003లో 'సింహాద్రి', ఇవన్నియు ఆ త్రోవనే నడచినవి. 'ఇంద్ర'లో రాయలసీమ ఇంద్రసేనారెడ్డి కాశీక్షేత్రమున శంకరనారాయణ యను సామాన్యుని పేరుతో బ్రదుకును. గంగ యొడ్డున అతడు తలవంచుకొని నిలిచిన కొలదియు, ఆ తల ఎప్పుడు లేచునా యని ప్రేక్షకుడు ఎదురుచూచును. అంతకుముందే, 1995లో, తమిళమున వచ్చి తెలుగువారిని గూడ మురిపించిన 'బాషా'లో ఆటో నడుపు మాణిక్యము చేసినది ఈ పనియే. 2013లో 'అత్తారింటికి దారేది' చిత్రమున కోటీశ్వరుని మనుమడు మేనత్త యింట కారు డ్రైవరుగా కుదురుకొన్నది ఈ త్రోవనే.

ఈ త్రోవ మన తెరకు ఇంతగా అచ్చివచ్చుటకు ఏమి కారణమో నేను చాలకాలముగా ఆలోచించుచున్నాను.

ఒక కారణము నటుని ప్రతిష్ఠ. అంజి గుండమ్మగారింట కాలుపెట్టునాటికి, ఆ పొట్టిలాగు వెనుకనున్నది ఎవరో హాలులోని పసిపిల్లకు గూడ తెలియును. 1957లో 'మాయాబజార్'లో శ్రీకృష్ణుడై కనబడిన మూర్తి అది. పేరు పొందిన నటుడు పేరులేని పాత్రలో ప్రవేశించుటయే ఒక అజ్ఞాతవాసము. కథ చెప్పకమునుపే మనకు రహస్యము తెలిసిపోవును. 'మాయాబజార్'నే చూడుడు. పాండవుల బంధువర్గపు కథయై యుండియు, అందు పాండవులెచ్చటను కనబడరు. ఘటోత్కచుడు శశిరేఖ రూపము దాల్చినప్పుడు, ఆ సుకుమారమైన దేహములో రాక్షసుని నడకను, హుంకారమును సావిత్రిగారు చూపుచుండగా, పెండ్లివారెవరికిని తెలియని సంగతి మనకు తెలియుటచేతనే మనము పొట్ట పట్టుకొని నవ్వితిమి. మనకు తెలియును, వారికి తెలియదు. ఆ నవ్వునకు మూలమదియే, అర్జునుని చూచినప్పటి పులకింతకును మూలమదియే.

రెండవ కారణము ఇంకను లోతైనది. తెలుగు భారతమును నన్నయగారు ఆరంభించి, అరణ్యపర్వము నడుమ విడువగా, తిక్కనగారు తమ రచనను విరాటపర్వముతో మొదలుపెట్టిరి. అంతటి మహాకవి ఆరంభించిన పర్వమగుటచేత దానికి మనలో ఒక ప్రత్యేకమైన ఆదరము కలిగినది. వానలు లేని యేట ఊరివారు దేవాలయమున కూడి విరాటపర్వమును చదివించుకొనెడివారు. సైరంధ్రిని వేధించిన కీచకుని వధను హరిదాసులు గానము చేసిరి, తోలుబొమ్మలాటవారు దీపపు వెలుగున ఆడించిరి. సినిమా వచ్చునాటికే ఈ కథ మన చెవులలోను, కన్నులలోను నిండియున్నది.

మరి, ఆ కథను వినువారెవరు? ఆ తెరముందు కూర్చుండువారెవరు? ఊరిలో తండ్రి పేరు చెప్పిన గుర్తుపట్టనివారుండని యువకుడు, నగరమునకు వచ్చి, ఒకరి దుకాణమున లెక్కలు వ్రాయుచు, ఒకరి కారు తుడుచుచు, పేరు గూడ సరిగా పలుకనివారి క్రింద పనిచేయుచుండును. కడలికావలి దేశములలోని మనవారికిని ఈ యనుభవము క్రొత్తది కాదు. తన విలువను ఇచ్చటివారెరుగరని, ఒకనాటికి ఎరుగుదురని అతడు లోలోపల నమ్ముకొనియుండును. వలలుడు భీముడని తెలిసిన క్షణమున ఆ యువకుడు చప్పట్లు కొట్టినయెడల, ఆ చప్పట్లు భీమునికి మాత్రమే కొట్టినవి కావు. ఈ సినిమాలను తేలికచేసి మాటాడు పండితులతో నేను ఏకీభవింపలేకున్నది ఇందుచేతనే.

అయితే, శ్రోతలారా, నా మనసులో ఒక వెలితి గలదు. దానిని చెప్పుటకే ఇంతదూరము వచ్చితిని.

విరాటపర్వమున పాండవుల జాడ తెలియుటకు రెండు గురుతులు చెప్పబడినవి. రెండు. మొదటిది కీచకుని చావు. అంతటి బలవంతుని ఒంటిచేత చంపగలవాడు భీముడే యని దుర్యోధనుడు శంకించెను. అది భుజబలపు గురుతు. రెండవది భీష్ముడు చెప్పినది. వేగులవారు దేశములన్నియు గాలించి, పాండవులు కానరాలేదని చెప్పగా, ఆ సభలో భీష్ముడు చెప్పినది ఇది: ధర్మరాజున్న దేశమున వానలు వేళకు కురియును, పైరులు పండును, ఆవులు సమృద్ధిగా పాలిచ్చును, జనులు ఒకరినొకరు చూచి ఓర్వలేకుండుట మాని, దానము చేయుచు, సత్యము పలుకుచు నుందురు, అట్టి దేశమెచ్చటనున్నదో అచ్చట వెదకుడు. ఎంత గొప్ప మాట! మంచివాడు మారుపేరు పెట్టుకొన్నను, జూదపు పాచికలు చేతబట్టి ఒక మూల కూర్చున్నను, అతని చుట్టునున్న నేల మారిపోవునట. ఆ మార్పే అతనిని పట్టియిచ్చునట. వానలకై విరాటపర్వము చదివించిన మన పల్లెవారు ఈ రెండవ గురుతును మరువలేదు.

మన తెర మాత్రము మొదటి గురుతునే గైకొన్నది. కీచకుని చావును గైకొన్నది, వానను విడిచినది. నాయకుడు ఏడాదిపాటు ఒక యింట వంట చేసినను, ఒక వీధిలో ఆటో నడిపినను, ఆ వంటవలన ఆ యింటికి ఏమి కలిగినదో, ఆ ఆటోవలన ఆ వీధికి ఏమి కలిగినదో చెప్పుటకు చాల చిత్రములకు తీరిక లేదు. అతడు పిడికిలి బిగించు క్షణముకొరకే అంతయు కాచుకొనియుండును. ఇంటర్వెల్ వేళకు ఆ పిడికిలి లేచును, పదిమంది గాలిలోనికి ఎగిరిపడుదురు, అంతటితో అజ్ఞాతవాసము ముగియును. అది ఉట్టి ముసుగయినది. ఆ ముసుగులో బ్రదికిన బ్రదుకునకు విలువ లేకపోయినది.

భారతమున అట్లు కాదు. బృహన్నల నిజముగనే నాట్యము నేర్పెను. ఎంత నిజముగ నేర్పెననగా, రహస్యము వెల్లడియైన పిమ్మట విరటుడు సంతోషముతో తన కూతురు ఉత్తరను అర్జునునకిచ్చి పెండ్లి చేయుదుననగా, అర్జునుడు అంగీకరింపలేదు. ఏడాదిపాటు ఆమె తన్ను గురువుగా, తండ్రిగా చూచినది. కనుక ఆమె నాకు కోడలు కాదగును గాని భార్య కాదని చెప్పి, అభిమన్యునకు చేసికొనెను. మారువేషమున చేసిన పని యయినను, ఆ గురుశిష్య సంబంధము మారువేషము కాదు. పేరు బూటకము, చదువు నిజము. కంకుని సంగతియు అంతే. కొడుకే గెలిచెనని పొంగిపోవుచున్న విరటునితో, బృహన్నల సారథియైనచోట గెలుపేమి యబ్బురమని కంకుడు పలుమారులనగా, రాజు కోపించి పాచికలతో మొగమున కొట్టెను. రక్తము చిందినది. అది నేల పడకముందే సైరంధ్రి పాత్ర పట్టి అందుకొనెను. చక్రవర్తి ఉలుకలేదు, తానెవరో చెప్పుకొనలేదు. సేవకులు ప్రతిదినము పడు అవమానము ఎట్టిదో ఆ యేడాదిలో ధర్మరాజు ముఖముననే వ్రాయబడినది. ఈ ఘట్టమును తలచినప్పుడెల్ల నా కన్నులు చెమర్చును.

అందుచేతనే నాకు 'గుండమ్మ కథ'పై అంత మమకారము. అందు అంజి పిండి రుబ్బుట వట్టి వేషము కాదు. ఆ రోలు ప్రక్కన లక్ష్మి యున్నది. అతడు చేయి వేసినందున ఆమె చాకిరి తగ్గినది. మాటలాడినందున ఆమెకు ధైర్యము వచ్చినది. ఆ యింట ఎన్నడును నవ్వెరుగని పిల్ల నవ్వినది. భీష్ముడు చెప్పిన వాన ఆ పెరటిలో కురిసినది. 'అత్తారింటికి దారేది'లోను, ఎన్ని కొట్లాటలున్నను, తుదకు తలుపు తెరచినది పిడికిలి కాదు. విడిపోయిన తండ్రీకూతుండ్రను కలుపవలెనను ఆరాటము. ఆ చిత్రమును జనులు అంతగా ఆదరించుటకు ఇదియు ఒక కారణమై యుండునని నా నమ్మకము.

ఇక ఇటీవలి చిత్రములలో రాజమౌళిగారి 'ఆర్‌ఆర్‌ఆర్'ను గూర్చి ఒక మాట. 2022లో వచ్చిన ఈ చిత్రమున అల్లూరి సీతారామరాజు, కొమురం భీము అను ఇరువురు చరిత్రపురుషుల పేర్లున్నవిగాని, కథ కేవలము కల్పితము. అందొక అపూర్వమైన కూర్పు కలదు. ఇరువురు నాయకులును అజ్ఞాతవాసముననే యున్నారు. భీముడు ఢిల్లీ నగరమున అఖ్తర్ అను పేరుతో ఒక ముసల్మాను కుటుంబము నీడన నున్నాడు. రామరాజు తన సంకల్పమును దాచి, దొరల పోలీసు దుస్తులు తొడిగియున్నాడు. శత్రువుల ఆయుధాగారమే అతనికి జమ్మిచెట్టు. ఒకరి రహస్యము ఒకరికి తెలియక ఇరువురును ప్రాణమిత్రులైరి. రెండు అజ్ఞాతవాసములు ఎదురెదురుపడి ఢీకొన్నప్పుడు పుట్టు దుఃఖమే ఆ చిత్రమునకు ఆయువుపట్టు. అందును పిడికిళ్ళకు కొదువలేదు. కాని కొరడా దెబ్బలు తినుచు మోకరిల్లక భీముడు పాడిన వేళ, చుట్టునున్న జనము లేచిన వేళ, ఆ రెండవ గురుతు అందు తళుక్కున మెరసినది. ఒక మనిషి ధైర్యము చూచి ఊరు మారినది. తరువాత రామరాజెవరో భీమునకు తెలిసినదెట్లు? అతనికొరకు కాచుకొనియున్న సీత నోటివెంట.  

ఈ సీత మాటతో మరొక సంగతి జ్ఞప్తికి వచ్చుచున్నది. మన పురాణములలో అజ్ఞాతవాసియైన వానిని గుర్తుపట్టునది పెక్కుమారులు స్త్రీయే. అరణ్యవాసమున ధర్మరాజునకు ఊరటకై చెప్పబడిన నలుని కథ యున్నది. వికృతరూపముతో బాహుకుడై, ఒక రాజు కొలువున గుఱ్ఱముల పనియు వంట పనియు చేయుచున్న నలుని, లోకమంతయు మరచినను దమయంతి మరువలేదు. అతడు వండిన వంటకమును తెప్పించి, నోట పెట్టుకొని, రుచిచేత భర్తను గుర్తుపట్టినది. ఆమె తెలివి కథను నడపినది. నేటి చిత్రములలో కథానాయికకు ఆ తెలివి నిచ్చుట అరుదైనది. నాయకుడెవరో అందరికంటె చివర తెలిసికొనునది ఆమెయే. తెలిసిన పిమ్మట ఆమెకు పని యుండదు. ఇది నాకు మిక్కిలి బాధ కలిగించు విషయము.

అంతకంటె పెద్ద లోపము వేరొకటి. విరాటపర్వపు తొలిభాగమునకు నాయిక సైరంధ్రి. పురుషులు ఐదుగురును దాగియుండవలసిన యేట, తన కష్టమును చెప్పుకొనుటకు తావు లేక, సభలో అవమానింపబడియు మగని పేరు చెప్పలేక, ఒక రాత్రి ఒంటరిగా వంటశాలకు నడచి, నిద్రించుచున్న వలలుని లేపి, ఆమె చెప్పిన మాటలు తిక్కనగారి భారతమున చదివిన గుండె కరుగును. కీచకుని నర్తనశాలకు రప్పించు ఉపాయమునకు ముందు నిలిచినది ఆమెయే. అజ్ఞాతవాసములో అందరికంటె ఎక్కువ పోగొట్టుకొన్నది, అందరికంటె ఎక్కువ ధైర్యము చూపినది ఆమెయే.

మారుపేరు పెట్టుకొని, ఒకరింట జడలల్లుచునో, అంట్లు తోముచునో, తన ఘనతను తానొక్కతెయే మోయుచున్న స్త్రీని నడుమ నిలిపి, ఆమె యెవరో మనకు తెలిసి, చుట్టునున్నవారికి తెలియక, ఆమె యున్నంతకాలమును ఆ యింట వాన కురిసి, తుదకు ఆమె తన పది పేర్లను తన నోటనే చెప్పుకొను చిత్రమును నేనింతవరకు మన తెరపై చూడలేదు. కథ మన చేతనున్నది. సావిత్రిగారు ఒకమారు సైరంధ్రియై, ఒకమారు లక్ష్మియై దానికి రూపము గూడ చూపి పోయిరి. ఈ ప్రసంగమును వినుచున్నవారిలో కథలు వ్రాయు పిల్లలెవరైన నున్నచో, వారు విరాటపర్వమును తెరచి, ఆ వంటశాల ఘట్టమునుండి వ్రాయ మొదలుపెట్టవలెనని కోరుచున్నాను.